పళ్లెంలో చింతచెట్టు, అత్తతో పందెం

మా అత్త లెక్కలో చెట్టంటే ఏదో ఒక పనికి రావాలి. నీడైనా ఇవ్వాలి, కూరలోకో పచ్చడిలోకో ఏదైనా రాల్చాలి, అదీ కాకపోతే కనీసం పొయ్యిలోకి నాలుగు పుల్లలైనా ఇవ్వాలి. నేను పెంచిన చింతచెట్టు వీటిలో ఏ ఒక్కటీ చేసేది కాదు. మట్టి పళ్లెంలో, జానెడు ఎత్తున, ఠీవిగా నిలబడి ఉండేది. దానికి నేను చేసే సేవ చూసి అత్తకి ఒళ్లు మండేది. నాకేమో కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఇక మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఇది డెబ్బైల మొదట్లో మాట. ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయన వర్కుషాపులో ఫిట్టరు. మామ కూడా అక్కడే బాయిలర్ల దగ్గర పనిచేసి, రిటైరయ్యాక కాలం చేశాడు. ఇంట్లో అప్పటికి మేం ముగ్గురమే. అత్త శ్రీకాకుళం వైపు నుంచి కొత్త పెళ్లికూతురుగా వచ్చి ఈ ఊళ్లోనే ముసలిదైంది. చేపలమ్మేవాడితో బెంగాలీలో దెబ్బలాడేది, పాలవాడితో హిందీలో దెబ్బలాడేది. మన భాషలో దెబ్బలాడడానికి నేనున్నాను.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఒక తోటల క్లబ్బు ఉండేది. చేమంతులూ, డేలియాలూ పెంచే ఆఫీసరు బంగళాల వాళ్లే ఎక్కువగా వెళ్లేవారు. క్వార్టర్ల వాళ్లని ఎవరూ రావద్దనలేదు, కానీ ఎవరూ వెళ్లేవారూ కాదు. నేను ఒకసారి డేలియా దుంప అడుగుదామని వెళ్లాను. అక్కడ ఒక టేబుల్ మీద పళ్లెంలో నిలబడ్డ చెట్టుని చూశాను. మొక్క కాదు, చెట్టే. మొదలు బెరడు తేలి ఉంది, కొమ్మలు విప్పుకుని ఉన్నాయి, వేళ్లు మట్టిని పట్టుకుని ఉన్నాయి. అంతా కలిపి మూరెడు ఎత్తు. నాకు నోట మాట రాలేదు. నన్నెరిగినవాళ్లు ఈ మాట నమ్మరు.

దాన్ని పెంచింది స్కూల్లో పాఠాలు చెప్పే ఒక బెంగాలీ ఆవిడ. పెద్దా చిన్నా అందరూ దీదీ అనేవారు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఆవిడ నవ్వి, "బోన్సాయ్. నేర్చుకుంటావా?" అని అడిగింది. డేలియా దుంప సంగతి అక్కడితో సరి.

మొక్క కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది. లోకో షెడ్డు పక్కన పాత ఇటుక గోడ పగులులో ఒక చింతమొక్క మొలిచి, ఎన్నాళ్లనుంచో పొగా మసీ తిని గిడసబారి ఉందని మా ఆయనే చెప్పాడు. ఒకరోజు స్క్రూడ్రైవరుతో ఇటుకల సందు గీకి, వేళ్లు తెగకుండా తీసి, తడిగుడ్డ చుట్టి, టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పెట్టుకుని తెచ్చాడు. క్యారియర్ కడుగుదామని మూత తీసింది అత్త.

"ఏటిరా ఇది? నీకు కూరేసి పంపితే సెట్టేసి తెచ్చినావు?" అంది. ఆ మాటకి మేమిద్దరం ఎంత నవ్వామంటే, అత్తకి కోపం వచ్చి ఆ పూట మాకు చారు మాత్రమే పోసింది.

పళ్లెం గోల్ బజారు దగ్గర కుమ్మరి చేత చేయించాను. అడుగున చిల్లులు పెట్టమంటే, చిల్లులుంటే అందులో ఏం నిలుస్తుందని ఆయన చాలాసేపు వాదించాడు. మట్టి మన ఎర్ర మొరమే, జల్లెడ పట్టి పశువుల ఎరువు కలిపాను. నీళ్లు నిలవకుండా ముతక ఇసుక వెయ్యాలని దీదీ చెప్పింది. ఆవిరి ఇంజన్లు తోలే ఊళ్లో ఇసుకెందుకు? కాలిన బొగ్గు చిట్టెం ఎక్కడ పడితే అక్కడే ఉండేది. దాన్ని రోట్లో నలగ్గొట్టి కలిపాను. దీదీ ఆ మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, భలే అన్నట్టుగా "బా!" అంది, ఆ తర్వాత క్లబ్బులో అందరూ బొగ్గు చిట్టెమే వాడారు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కాస్త గర్వమే.

కొమ్మలు వంచడానికి రాగి తీగ కావాలి. మోటార్లు చుట్టే దుకాణంలో పాత తీగ కొని, బొగ్గుల పొయ్యిలో ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. దాన్ని కొమ్మ చుట్టూ మెలికలు తిప్పి, కొమ్మని కావలసిన వైపుకి మెల్లగా వంచాలి. నెలలు పడుతుంది. నాలాంటి మనిషికి అంత ఓపిక ఎక్కడనుంచి వచ్చిందా అని మా ఆయన విడ్డూరంగా చూసేవాడు. ఆ చెట్టు ముందు కూర్చుంటే నాకు కోపం రాదు. నిజం చెప్తున్నాను, ఇల్లు మొత్తం మీద నాకు కోపం రాని చోటు అదొక్కటే.

అత్తకి మాత్రం అది హింసగా కనిపించేది. పసిబిడ్డకి తిండి పెట్టకుండా, చేతులకి బేడీలు వేసినట్టు ఉండేది ఆవిడకి. నేను బజారుకి వెళ్తే చాలు, తీగలు విప్పేసేది. నేను వచ్చి మళ్లీ చుట్టేదాన్ని. బియ్యం కడిగిన నీళ్లు దొంగచాటుగా పోసేది. ఆ నీళ్లకి అది బలిసి, పొడుగాటి రెమ్మలు వేసేది, నేను కత్తిరించేదాన్ని.

"అదేటి సెట్టే? సెట్టు బొమ్మ! దాన్ని భూమిలో పెడితే నీ కన్నా పెద్దదయి, నీ మనవలకి సింతపండు ఇస్తాది. దాని ఉసురు మనకి తగలకూడదు" అనేది.

"తగిలితే నాకు తగులుతాదిలే అత్తా, నీకెందుకు?" అనేదాన్ని.

ఇలా ఏళ్లు గడిచాయి. చెట్టు మొదలు బొటనవేలు దాటి లావెక్కింది. మూడు కొమ్మలు చక్కగా అంతస్తులుగా విడివడ్డాయి. ఒక చలికాలం దీదీ వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఫిబ్రవరిలో క్లబ్బు ప్రదర్శనలో దీన్ని పెట్టమంది. నేను ఎగిరి గంతేశాను. అత్త అదే రోజు గునపం తెచ్చి పెరటి కుళాయి పక్కన గోడకి ఆనించింది. ఇన్నాళ్లూ ఊరుకున్నాను, ఇక దీన్ని భూమిలో పెట్టి తీరాలంది. ఇద్దరం గొంతులు పెంచాం. పక్క క్వార్టరు వాళ్లు వంట ఆపి విన్నారు.

మా ఆయన మధ్యలోకి వచ్చాడు. ఆ మనిషి ఎవరికీ కష్టం కలిగించే మాట అనలేడు, అందుకని ఒక పందెం పెట్టాడు. "అమ్మా, ఈ ఎగ్జిబిషన్‌లో నలుగురు పెద్దలు సూసి, దీనికి ఏదో ఒక కార్డు ఇచ్చినారనుకో, ఇది పళ్లెంలోనే ఉంతాది. నువ్వు మాట్లాడకూడదు. కార్డు రాలేదనుకో, భూమిలో పెట్టేద్దాం. అప్పుడు నీ కోడలు మాట్లాడకూడదు" అన్నాడు. మొదటి బహుమతి, రెండో బహుమతి కాక 'మెచ్చుకోలు' అని ఒక చిన్న కార్డు కూడా ఉండేది. అదొచ్చినా చాలన్నాడు.

"సరే" అంది అత్త. "సరే" అన్నాను నేను. ఆవిడ మాటిచ్చిందంటే ఇక తీగల జోలికి రాదు, అది నాకు తెలుసు. నిజంగానే రాలేదు.

జనవరిలో దీదీ చెప్పిన కిటుకు చేశాను. చెట్టుకున్న పాత ఆకులన్నీ కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించేశాను. అలా చేస్తే ప్రదర్శన నాటికి కొత్త చిగురు వస్తుంది. పాత ఆకుల కన్నా చిన్నగా, లేతగా, ఎర్రెర్రగా ఉంటుంది. చిన్న చెట్టుకి చిన్న ఆకులే అందం కదా.

బోడిగా నిలబడ్డ చెట్టుని చూసి అత్త గుండెలు బాదుకుంది. "ఒలమ్మో, దీనికి గుండు కొట్టించినావేటే!" అంది. పందెం ఉంది కాబట్టి అంతకు మించి ఏమీ అనలేదు.

దీదీ చెప్పినట్టే జరిగింది. నెల తిరిగేసరికి ప్రతి కణుపులోనూ చిగురు విచ్చుకుంది. పొద్దుటి ఎండ పడితే చెట్టంతా రాగి రంగులో మెరిసేది. నేను ఇంజన్లకి నీళ్లు పట్టే స్తంభం కింద తడి ఇటుకల మీద పెరిగే నాచు గీకి తెచ్చి పళ్లెంలో పరిచాను. పళ్లేనికి కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచాను. మా ఆయన చెక్క చిత్రిక పట్టి కింద పెట్టే పీట చేశాడు. ప్రదర్శన రేపనగా, నా టేబుల్ ఎక్కడ పడిందో చూసుకుందామని పొద్దున్నే హాలుకి వెళ్లాను. నాకు కిటికీ పక్కన మంచి వెలుతురున్న చోటు ఇచ్చారు. సంతోషంతో కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇంటికి వచ్చి పెరట్లోకి వెళ్తే చెట్టు మళ్లీ బోడిగా ఉంది. ఒక్క చిగురు లేదు. చిటారు కొమ్మన కూడా లేదు. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ఇల్లంతా పుల్లటి కమ్మటి వాసన.

నేను అరిచిన అరుపుకి కాకులు లేచాయి. "అత్తా! పందెం ఓడిపోతానని భయమేసి ఇంత పని చేసినావా?"

అత్త గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. నిజంగా అర్థం కాని మొహం పెట్టింది. "ఏటే ఆ కేకలు? నీ మొగుడు జొరం తగ్గినా నోరు సేదుగా ఉందన్నాడు. ఈ బజార్లో సింత సిగురు ఎక్కడ దొరుకుతాది? ఇంట్లో పెట్టుకుని బిడ్డ నోటికి అందీకుండా సేస్తానేటి?"

"రేపు ఎగ్జిబిషన్! ఆ చిగురు కోసమే కదా నెల రోజులు కాపలా కాసినాను!"

"నువ్వు కోస్తే సంబరం, నాను కోస్తే పాపమేటి? మొన్న నువ్వే కదా కత్తెరెట్టి గుండు కొట్టినావు. మల్లీ వచ్చింది. ఇప్పుడూ వస్తాది" అంది.

ఆ మాట నిజమే. ఎదుటివాళ్ల మాట నిజమైతే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. కావాలనే చేశావు, పందెం గెలవడానికి దొంగదెబ్బ తీశావు అన్నాను. ఆ మాటకి అత్త మొహం మాడిపోయింది. గరిటె కింద పెట్టింది. "నాను దొంగదెబ్బ తీసేదాన్నా? మీ మామ ఉన్నప్పుడూ, లేనప్పుడూ, ఎవుల్నైనా అడుగు" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అంతలో భోజనాల సైరన్ మోగింది. మా ఆయన సైకిలేసుకుని ఇంటికి వచ్చాడు, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. మా ఇద్దరి మొహాలూ ఆయన చూడలేదు. పప్పు మాత్రం చూశాడు. అంత చెట్టు చిగురూ కలిపితే పప్పులో గుప్పెడు కూడా లేదు. అయినా ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "అబ్బ! ప్రాణం లేచొచ్చింది. అమ్మా, సింత సిగురు ఎక్కడ దొరికింది?" అన్నాడు. నేను వేలు పెట్టి పెరట్లోకి చూపించాను. ఆయన అటు చూశాడు, నన్ను చూశాడు, కంచంలోకి చూశాడు. రెండో ముద్ద మింగడమా మానడమా తెలియక అలాగే ఉండిపోయాడు.

చెప్పకూడదు గానీ, తర్వాత నేనూ ఓ ముద్ద తిన్నాను. పులుపు అద్భుతంగా ఉంది.

సాయంత్రం దీదీ ఇంటికి పరిగెత్తి, ప్రదర్శనలో పెట్టనని చెప్పాను. ఆవిడ రిక్షాలో వచ్చి చూసింది. సంగతంతా విని, నా కోపం సంగతి తెలిసి కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత కత్తెర తీసి చీరుకుపోయిన కాడలు నాలుగు సాఫు చేసి, "ఆకులు లేని చెట్టు కూడా పెట్టవచ్చు. కొమ్మలన్నీ కనిపిస్తాయి. తప్పుంటే దాచుకోలేవు, అంతే. నీ కొమ్మల మీద నీకు నమ్మకం ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. ఉందని ఆ క్షణమే నాకు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే రిక్షా పిలిచి చెట్టుని ఒళ్లో పెట్టుకున్నాను. అత్త మాట్లాడకుండా వచ్చి పక్కన కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుంది.

హాల్లో ఆ పక్కా ఈ పక్కా పూసిన కాగితం పూల చెట్లు, పచ్చటి జువ్విచెట్లు. మధ్యలో నా బోడి చింత. జనం పచ్చటివాటి దగ్గర ఆగి, నా దగ్గరికి వచ్చేసరికి అడుగు వేగం పెంచేవారు. ఒక పెద్దమనిషి వంగి చూసి, "మొరే గేఛే?" అని జాలిగా అడిగాడు. చచ్చిపోయిందా అని.

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి అత్త లేచింది. "మొరే నాయ్! బేంచే ఆఛే!" అని గర్జించి, చేయి చాపి కొమ్మ మీద గోటితో చిన్నగా గీరింది. బెరడు కింద పచ్చదనం కనబడింది. "దేఖో బాబా, దేఖో! ప్రాణం ఉంది!" అంది. ఆయన బెదిరి, ఉందని ఒప్పుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అనుమానపడిన ప్రతివాడికీ ఆవిడ అలాగే గీరి చూపించబోయింది. చెట్టుకి తోలు లేకుండా పోతుందని నేను చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. నిన్నటినుంచి మా మధ్య జరిగిన మొదటి సంభాషణ అదే.

మధ్యాహ్నం జడ్జీలు వచ్చారు. హిజ్లీ కాలేజీ తోటలు చూసే ఒకాయన నా చెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కొమ్మల తీరు బాగుందని పక్కావిడతో అన్నాడు. ఆవిడ తల ఊపింది. అత్త నా చెంగు గట్టిగా పట్టుకుంది. వాళ్లు ముందుకి వెళ్లారు. మొదటి కార్డు కాగితం పూలకి, రెండోది జువ్వికి, మెచ్చుకోలు ఒక తెల్లపూల కామినీ చెట్టుకి ఇచ్చారు. నాకు ఏమీ రాలేదు.

రిక్షాలో మళ్లీ చెట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చాను. కళ్లు పొడిగానే ఉన్నాయి. మాట మాటే. ఇంటికి రాగానే చెట్టుని కుళాయి గట్టు మీద పెట్టి, గునపం తీసుకుని తవ్వడం మొదలుపెట్టాను. ఎర్ర మొరం గట్టిగా ఉంది, నా చేతులూ అంతకంటే గట్టిగా ఉన్నాయి. మా ఆయన వద్దనలేక, కావాలనలేక పక్కన నిలబడ్డాడు. నాలుగేళ్లు చుట్టిన తీగలు, వంచిన కొమ్మలు, రెండు వానలకి గాలికి ఎటో సాగిపోతాయి. భూమిలో దానికి సుఖమే కావచ్చు. కానీ అది ఇక నాది కాదు. ఆ ఆలోచన వస్తుంటే ఇంకా గట్టిగా తవ్వాను.

"ఆపు" అంది అత్త.

నేను ఆపలేదు. "కార్డు రాలేదు కదత్తా. పందెం పందెమే."

ఆవిడ వచ్చి గునపం పట్టుకుంది. "ఏటి పందెం? ఎడ్ల పందానికి ముందురోజు ఎదుటోడి ఎద్దు కాలు ఇరిసేసి, నెగ్గినానంటే సిగ్గు లేదేటి? తెలిసి సేసినా, తెలీక సేసినా, ఆకు కోసింది నాను. నీ సెట్టు ఓడలేదు. పందెం సెల్లదు."

"అత్తా..."

"సెల్లదన్నానా! వచ్చే ఏడు ఆకులతో పెట్టు. అప్పుడు సూద్దాం" అని గునపం లాక్కుని గోడకి ఆనించి, తవ్విన గోతిలోకి మట్టి కాలితో తోసేసింది. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. నా పెళ్లయ్యాక అలా ఏడవడం అదే మొదలు. ఆవిడ నా వీపు నిమరకుండా, "ముక్కు నా సీరకి రాయకే, ఉతికి కట్టినాను" అంది.

మరుసటి ఏడు ఆకులన్నీ ఉన్నాయి. వంటింట్లోకి ఒక్క రెమ్మ కూడా వెళ్లలేదు. అయినా కార్డు రాలేదు. నేను ఇంట్లోకి అడుగు పెట్టకముందే అత్త తేల్చేసింది. పొద్దున్న చినుకులు పడ్డాయట, జడ్జీలు గొడుగులు చూసుకున్నారే గానీ చెట్లు చూడలేదట, పందెం చెల్లదట. ఆ పై ఏడు మా టేబులు గుమ్మం పక్కన పడిందని చెల్లదంది. నేనూ, మా ఆయనా మొహామొహాలు చూసుకున్నాం. పందెం గెలవకపోతే గొడవ పెట్టే మనుషుల్ని చాలామందిని చూశాను. గెలిచినా గెలవలేదని మొండికేసే మనిషిని మాత్రం ఆవిడనొక్కదాన్నే చూశాను.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో మోకాళ్ల నొప్పులతో అత్త హాలుకి రాలేకపోయింది. నేనొక్కదాన్నే వెళ్లాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆవిడ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను మెచ్చుకోలు కార్డు తీసి ఆవిడ చేతికిచ్చాను. చదవడం రాదు కాబట్టి అటు తిప్పి, ఇటు తిప్పి, రంగు చూసింది. వేలితో అక్షరాల మీద రాసింది. కార్డు మీద నూక పడితే పైటచెంగుతో తుడిచింది.

"ఇది సెల్లుతాది" అంది. "పందెం నువ్వే నెగ్గినావు."